విడిది ఎవరిది, అప్పు ఎవరిది: డౌన్‌టౌన్ కన్వెన్షన్ హోటల్ లెక్కలు

(డాలస్ ప్రాంతంలోని తెలుగువారి కోసం చేసిన ప్రసంగానికి రాత ప్రతి. రాలేకపోయినవారి కోసం టైపు చేశాం. మాటల్ని మార్చలేదు, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పెళ్లి మాట్లాడుకునేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది ఏమిటి? కల్యాణ మండపం ఎక్కడ అని. రెండో ప్రశ్న? విడిది ఎక్కడ అని. మండపం ఎంత బాగున్నా విడిది మూడు మైళ్ల అవతల ఉంటే మగపెళ్లివారు ముహూర్తానికి రారు, వచ్చినా మొహాలు మాడ్చుకుని వస్తారు. కన్వెన్షన్ సెంటర్ మండపం అనుకోండి, దాన్ని ఆనుకుని ఉండే పెద్ద హోటల్ విడిది. అమెరికాలో దీన్ని హెడ్‌క్వార్టర్స్ హోటల్ అంటారు. కొత్త డౌన్‌టౌన్ హోటల్ ప్లాను పేపర్లో పడగానే అందరూ అంతస్తులెన్ని, గదులెన్ని, పైన ఈతకొలను ఉందా అని చూస్తారు. చూడాల్సినవి అవి కావు. రెండు కాగితాలున్నాయి. ఒకటి, అప్పుకి పూచీ ఎవరిదో చెప్పే కాగితం. రెండోది, గదులు ఎవరి చేతిలో ఉంటాయో చెప్పే కాగితం. ఈ రెండూ అర్థమైతే మిగతా ప్లాను బొమ్మే అనుకోండి. అంటే, బొమ్మలోనూ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. చివర్లో చెబుతాను.

మన ఊరి సంగతే తీసుకుందాం. ఇవాళ కే బెయిలీ హచిసన్ పేరుతో ఉన్న కన్వెన్షన్ సెంటర్‌కి 2011 దాకా పక్కన పెద్ద హోటల్ లేదు. సమావేశాలు పెట్టే సంస్థలు వచ్చి చూసి, హాలు బాగుంది, మా జనం ఎక్కడ దిగాలి అని వెళ్లిపోయేవి. 2008లో నగరం సెంటర్ పక్కన సుమారు ఎనిమిది ఎకరాలు 4 కోట్ల డాలర్ల పైచిలుకుకి కొంది. హోటల్ మేమే కట్టిస్తాం, మేమే సొంతదారులం అంది. ఊళ్లో పెద్ద హోటల్ హిల్టన్ అనటోల్ సొంతదారులైన క్రో కుటుంబ సంస్థ దీన్ని వ్యతిరేకించింది, జనం పన్నులతో మాకు పోటీ పెడతారా అని. 2009 మే నెలలో ఓటింగు జరిగింది. ఆ బ్యాలెట్ ప్రశ్న ఏమిటో తెలుసా? నగరం హోటల్ సొంతం చేసుకోకూడదని చార్టర్, అంటే నగరం మూల చట్టం, సవరించాలా? అంటే హోటల్ కావాలనుకున్నవాడు "వద్దు" అని ఓటెయ్యాలి, హోటల్ వద్దనుకున్నవాడు "అవును" అని ఓటెయ్యాలి! నవ్వకండి, ప్రచారమంతా దాని చుట్టూనే నడిచింది. సన్నటి తేడాతో ఆ ప్రతిపాదన వీగిపోయింది, హోటల్ బతికింది. ఆ ఏడాదే సుమారు 48 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, జారీ చేశారు. 2011 నవంబర్‌లో ఆమ్నీ డాలస్ తెరిచారు. 23 అంతస్తులు, 1,001 గదులు, సెంటర్‌లోకి పైనుంచే నడిచిపోయే వంతెన. రాత్రిపూట రంగులు మార్చే ఆ దీపాల భవనం మీ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అంత మంచి వ్యాపారమైతే ప్రైవేటువాడు ఎందుకు కట్టలేదు? నగరం ఎందుకు దిగాలి?

బోర్డు మీద లెక్క వేద్దాం. ఇవి ఆమ్నీ ఖాతా పుస్తకాలు కావు, అర్థం కావడానికి వేసుకున్న ఉజ్జాయింపు సంఖ్యలు. వెయ్యి గదులు. ఏడాది పొడుగునా సగటున వందకి 70 నిండాయి. గదికి రాత్రికి 200 డాలర్లు. 1,000 ఇంటూ 365 ఇంటూ 0.70 అంటే 2,55,500 గది రాత్రులు. వాటిమీద ఆదాయం 5.11 కోట్ల డాలర్లు. భోజనాలు, విందులు, పార్కింగు, హాలు అద్దెలు కలిపి ఇంకో 3.6 కోట్లు. మొత్తం 8.7 కోట్లు. సిబ్బంది జీతాలు, వంటగది, కరెంటు, బ్రాండ్ పేరు పెట్టుకున్నందుకు ఫీజు, పరుపులూ కార్పెట్లూ మార్చడానికి పక్కన పెట్టే వంతు, ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది 2.7 కోట్లు అనుకుందాం. ఈ వ్యాపారంలో అది బాగా నడిచిన హోటలే.

అప్పు ఎంత? 50 కోట్లు. 6 శాతం వడ్డీ, 30 ఏళ్లు. ఏటా కట్టాల్సింది 3.63 కోట్లు.

చూశారా? 2.7 ఎక్కడ, 3.63 ఎక్కడ? హోటల్ బాగా నడిచినా ఏటా 93 లక్షల డాలర్ల లోటు. ప్రైవేటువాడికి బుద్ధి లేక కాదు కట్టనిది, లెక్క వచ్చు కాబట్టి కట్టలేదు. మామూలు హోటల్‌కి ఈ బాధ ఎందుకు లేదు? దానికి 30,000 చదరపు అడుగుల బాల్‌రూమ్ అక్కర్లేదు, విందు వంటగది అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు. కన్వెన్షన్ హోటల్‌లో డబ్బు తెచ్చేది గది, డబ్బు తినేది హాలు. ఊరికి కావలసింది ఆ హాలే.

ఆ లోటు ఎలా పూడ్చారు? 2009, 2010 సంవత్సరాల్లో బిల్డ్ అమెరికా బాండ్స్ అని ఒక పథకం ఉండేది. కట్టే వడ్డీలో 35 శాతం కేంద్ర ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. డాలస్ వాడుకుంది. మన బోర్డు లెక్కలో మొదటి ఏడాది వడ్డీ 3 కోట్లు, అందులో 35 శాతం అంటే 1.05 కోట్లు. రెండోది, టెక్సస్ చట్టం ప్రకారం ఇలాంటి హోటల్‌లో వసూలైన రాష్ట్ర గది పన్ను, అంటే 6 శాతం, పదేళ్లపాటు ఆ ప్రాజెక్టుకే మళ్లించుకోవచ్చు. అమ్మకపు పన్నుకి కూడా అలాంటి వెసులుబాటు ఉంది, దాన్ని ఇక్కడ కలపడం లేదు. నగరం తన వంతు 7 శాతం కూడా ఇచ్చిందనుకోండి. 5.11 కోట్ల మీద 13 శాతం, 66 లక్షలు. ఇప్పుడు కూడండి. 2.7, దానికి 1.05, దానికి 0.66. మొత్తం 4.41 కోట్లు. కట్టాల్సింది 3.63. రూపాయి బాకీకి రూపాయి ఇరవై పైసలు చేతిలో ఉన్నట్టు. బాండ్లు కొనేవాడు ఈ ఇరవై పైసలు చూసే డబ్బిస్తాడు.

మరి గదులు 70 కాకుండా 60 శాతమే నిండితే? గది ఆదాయం 4.38 కోట్లకి పడిపోతుంది. ఖర్చులు అంతగా పడవు, ఎందుకంటే సగం ఖాళీగా ఉన్నా లిఫ్టు నడవాలి, రిసెప్షన్‌లో మనిషి ఉండాలి. మిగులు 1.8 కోట్లకి దిగిందనుకోండి. సబ్సిడీ 1.05, పన్నులు 57 లక్షలు కలిపితే 3.42. కట్టాల్సింది అదే 3.63. పది శాతం గదులు తగ్గితే చాలు, సురక్షితం అనుకున్న అప్పు లోటులోకి జారింది. ఇంకోటి. ఆ కేంద్ర సబ్సిడీకే 2013లో బడ్జెట్ కోతల కత్తెర పడింది. ఇస్తామన్నవాడే తగ్గించాడు. రాష్ట్రం వాటా పదేళ్లకి ఆగిపోతుంది, అప్పు మాత్రం ముప్పై ఏళ్లు. కాబట్టి ఏ ప్లాను చూసినా పదకొండో ఏడాది పేజీ తీయండి. మొదటి ఏడాది పేజీ ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

నగరమే సొంతదారు ఎందుకు అవ్వాలి, సబ్సిడీ ఇచ్చి ఊరుకోవచ్చు కదా అంటారు. ఇవాళ ఆ బిల్డ్ అమెరికా పథకం లేదు. ఉన్నది పన్ను లేని మునిసిపల్ బాండ్లు. వాటి వడ్డీ మీద కొన్నవాడికి ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు, కాబట్టి తక్కువ వడ్డీకి ఒప్పుకుంటాడు. ఆ మినహాయింపు రావాలంటే ఆస్తి ప్రభుత్వానిదై ఉండాలి. నడిపే కంపెనీకి ఫీజు ఇవ్వాలి తప్ప నికర లాభంలో వాటా ఇవ్వకూడదు. అందుకే తలుపు మీద పేరు కంపెనీది, కాగితం మీద ఆస్తి నగరం పెట్టిన కార్పొరేషన్‌ది. ఇండియానాపొలిస్‌లో చూడండి. ఇండియానా కన్వెన్షన్ సెంటర్ పక్కన పాన్ యామ్ ప్లాజాలో 800 గదుల సిగ్నియా హోటల్‌ని మొదట ప్రైవేటు ప్రాజెక్టుగానే ప్రకటించారు. వడ్డీ రేట్లు పెరిగాయి, ప్రైవేటు డబ్బు దొరకడం కష్టమైంది, 2023లో నగరమే బాండ్లతో ముందుకొచ్చింది. అంతకుముందే అక్కడ వెయ్యి గదుల జేడబ్ల్యూ మారియట్ ఉంది, వంతెనలతో కలిసిన హోటళ్లు ఎన్నో ఉన్నాయి. అయినా ఇంకోటి కావాలన్నారు. జెన్ కాన్ అనే బల్ల ఆటల పండగ లాంటి సమావేశాలు ఊరు వదిలిపోతాయేమోనన్న భయం అలాంటిది.

ఇప్పుడు పూచీ కాగితం. నాలుగు మెట్లున్నాయి, కింద నుంచి పైకి చెబుతాను. అట్టడుగున, హోటల్ ఆదాయమే హామీ. మునిగితే బాండ్లు కొన్నవాడు మునుగుతాడు. దానిపైన, ఆ హోటల్ పన్నులూ హామీ. ఇంకా పైన, ఊళ్లోని అన్ని హోటళ్ల గది పన్నూ హామీ. అన్నిటికంటే పైన, లోటు వస్తే నగరం తన బడ్జెట్‌లోంచి ఇస్తుందన్న మాట. పైకి పోయేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, మన భారం పెరుగుతుంది. సభల్లో "పన్ను చెల్లింపుదారులకి ఒక్క డాలరు భారం లేదు" అంటారే, ఆ మాట అన్నాయన్ని ఏ మెట్టు మీద నిలబడి అంటున్నాడో అడగండి.

సెయింట్ లూయిస్‌లో ఏమైంది? అమెరికాస్ సెంటర్ అనే కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా వెయ్యికి పైగా గదులతో రెనైసాన్స్ గ్రాండ్ 2003లో తెరిచారు. గదులు అనుకున్నంత నిండలేదు. 2009లో బాండ్ల వాళ్లే హోటల్ స్వాధీనం చేసుకున్నారు. తర్వాత చేతులు మారి, పేరు మారి, మారియట్ గ్రాండ్ అయింది. 2017లో తానా మహాసభలు ఆ సెంటర్‌లోనే జరిగాయి, మీలో వెళ్లినవాళ్లు ఉంటారు. హోటల్ మునగలేదు, గమనించండి. భవనం అక్కడే ఉంది, గదులు ఉన్నాయి, మనం వెళ్లి పడుకున్నాం. మునిగింది అప్పు ఇచ్చినవాడు. బాల్టిమోర్ దారి వేరు. అక్కడ నగరమే సొంతదారు. 757 గదుల హిల్టన్, 2008 ఆగస్టులో, సరిగ్గా మాంద్యం రోజుల్లో తెరిచారు. 30 కోట్ల డాలర్ల అప్పు. ఏళ్ల తరబడి నష్టాలు, ఆ తర్వాత కరోనా. పోర్ట్‌లండ్ వాళ్లు హయత్ రీజెన్సీ 600 గదులతో 2019 డిసెంబర్‌లో తెరిచారు. మూడు నెలలు తిరిగేసరికి లాక్‌డౌన్! కానీ అక్కడ హోటల్ ప్రైవేటుది. ప్రభుత్వం వంతు ఆ హోటల్ కట్టే గది పన్నులతో తీరేలా పెట్టిన బాండ్లూ, కొంత గ్రాంటూ. ఒకే పిడుగు రెండిళ్ల మీద పడితే దెబ్బ ఒకేలా ఉండదు. ఇంటి పత్రాలు ఎవరి పేరున ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

పూచీ సంగతి చాలు. రెండో కాగితానికి వద్దాం. రూమ్ బ్లాక్ ఒప్పందం. మనలాంటి సంఘాలకి అసలు పని దీనితోనే.

నగరం ఇంత డబ్బు పెట్టింది. ఎందుకు? పెద్ద సమావేశాలు రావాలని. కానీ హోటల్ నడిపేవాడికి పెద్ద సమావేశం అంటే అంత ప్రీతి ఉండదు. ఎందుకుండదు? సమావేశాలకి గదులు రెండు మూడేళ్ల ముందే, తక్కువ ధరకి ఇవ్వాలి. ఆగితే ఆ రాత్రికే ఏ కంపెనీ ఉద్యోగికో ఎక్కువకి అమ్ముకోవచ్చు. అందుకని ముందుగానే రాయించుకోవాలి. ఫలానా నెలల కంటే ముందు వచ్చిన బుకింగ్‌లకి ఇన్ని గదులు సెంటర్ చేతిలో ఉంటాయి, ఆ గడువు లోపలికి వచ్చాక హోటల్ ఇష్టం అని. పోర్ట్‌లండ్‌లో 600 గదుల్లో 500 ఇలా రాయించుకున్నారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే? నగరం కట్టింది మామూలు హోటలే. పక్క హోటళ్లతో పోటీ పడే హోటల్. అప్పుడు వాళ్ల గోలలో న్యాయం ఉంది.

చదివేటప్పుడు ఇంకా చూడండి. గడువు ఎన్ని నెలలు? ధర ఎలా నిర్ణయిస్తారు, పక్క హోటళ్ల సగటుతోనా, లేక హోటల్ ఇష్టమా? ఒప్పందం హోటల్ అమ్మేసినా కొనుక్కున్నవాడికి వర్తిస్తుందా? ఈ చివరిది చాలాచోట్ల మర్చిపోతారు.

ఇక మన తెలుగు సభల వైపు తిరుగుదాం. ఎప్పుడు పెట్టుకుంటాం మనం? మెమోరియల్ డేకి, లేకపోతే జులై 4కి. పిల్లలకి సెలవులు కాబట్టి అనుకుంటాం. అది ఒక కారణం. ఇంకో కారణం, ఆ వారాంతాల్లో వ్యాపారం మీద తిరిగేవాళ్లు ఊళ్లో ఉండరు, డౌన్‌టౌన్ హోటళ్లు ఖాళీ. మనకి మంచి ధర వచ్చేది అందుకే. బేరం ఆడేటప్పుడు ఈ బలం మీ చేతిలో ఉందని మర్చిపోకండి.

అట్రిషన్ అనే షరతు ఒకటుంది, పట్టిన గదులు నిండకపోతే ఆ డబ్బు మనమే కట్టాలని. సంఘాల డబ్బు పోయేది ఇక్కడే. మీరు 600 గదులు, 3 రాత్రులు పట్టారనుకోండి. 1,800 గది రాత్రులు. 80 శాతం షరతు అంటే 1,440 మీ బాధ్యత. తీరా నిండినవి 1,200. మిగతా 240 గది రాత్రులు, ఒక్కోటి 150 డాలర్ల చొప్పున, 36,000 డాలర్లు సంఘం కట్టాలి. ఎందుకు నిండవు? డాలస్‌లో పెడితే ఫ్రిస్కోలో పెదనాన్న ఉన్నాడు, ప్లేనోలో మేనత్త ఉంది, అర్వింగ్‌లో రూమ్మేటు ఉన్నాడు. "హోటల్ ఏంట్రా, ఇంట్లో దిగు" అంటారు. మనవాళ్లు ఎక్కువున్న ఊళ్లో సభ పెడితే జనం ఎక్కువ వస్తారు, గదులు తక్కువ నిండుతాయి. ఇది హోటల్ సేల్స్ వాళ్లకి తెలియదు. మనకి తెలుసు. కాబట్టి గదుల లెక్క టికెట్ల లెక్కలోంచి తీయకండి. బయటి రాష్ట్రాల రిజిస్ట్రేషన్లలోంచి తీయండి. షరతు రాత్రివారీగా కాకుండా మొత్తం మూడు రాత్రులకి కలిపి ఉండాలని అడగండి, శుక్రవారం తగ్గినది శనివారం సర్దుకుంటుంది. ఏడాది ముందు ఒకసారి, ఆరు నెలల ముందు ఒకసారి జరిమానా లేకుండా గదులు తగ్గించుకునే వీలు రాయించండి. మనం వదిలేసిన గదిని హోటల్ వేరేవాళ్లకి అమ్ముకుంటే ఆ డబ్బు మన బాకీలోంచి తగ్గాలని రాయించండి. మన సభకి వచ్చినవాళ్లే వేరే యాప్‌లో చౌకగా అదే హోటల్‌లో దిగుతుంటారు. రిజిస్ట్రేషన్ జాబితాని, హోటల్ అతిథుల జాబితాని పక్కపక్కన పెట్టి సరిచూడాలి, ఆ గదులన్నీ మన ఖాతాలో పడాలి. ఈ వాక్యం కూడా ముందే ఒప్పందంలో ఉండాలి. తర్వాత అడిగితే గోప్యత అంటారు.

సరే, బొమ్మలో చూడాల్సినవి ఉన్నాయన్నాను కదా.

లిఫ్టులు. హోటల్ లిఫ్టులు అయిదు నిమిషాల్లో దిగువకి చేర్చే జనం, మొత్తం జనాభాలో ఇంత శాతం అని లెక్కేసి పెడతారు. 12 శాతం అనుకోండి. వెయ్యి గదులకి 1,500 మంది అని వేసుకుంటే అయిదు నిమిషాలకి 180 మంది. కంపెనీ సమావేశానికి సరిపోతుంది. మన సభలో గదికి ఎంతమంది? రెండు మంచాల గదిలో నలుగురు, అమ్మమ్మ వస్తే అయిదుగురు. గదికి మూడున్నర వేసినా 3,500 మంది. అవే లిఫ్టులు, అదే వేగం. అందరూ దిగడానికి గంటన్నర పైన. మరి ప్రారంభ ప్రార్థనకి హాలు ఎందుకు ఖాళీగా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? నిర్వాహకుల తప్పు కాదండీ అది. రెండు పెద్ద మంచాలున్న గదులు వందకి ఎన్ని అని ప్లాను దశలోనే అడగాలి. ఒంటి మంచం గదులే ఎక్కువ కడితే కుటుంబ సభలు ఆ హోటల్‌కి రావు.

బాల్‌రూమ్ టవర్ కింద ఉందా, పక్కన ఉందా చూడండి. టవర్ స్తంభాలు దాదాపు రెండు గదుల వెడల్పుకి ఒకటి చొప్పున దిగుతాయి. కింద హాలుంటే స్తంభాలు హాల్లోకి వస్తాయి, లేదా భారీ దూలాలతో బరువు పక్కకి మళ్లించాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకే పక్కన కడతారు. విందు బల్లలకి మనిషికి 12 చదరపు అడుగులు వేస్తే 30,000 అడుగుల్లో 2,500 మంది. మనకి వేదిక కావాలి, నాట్యం కావాలి, ఎల్ఈడీ తెర కావాలి. రెండు వేలు దాటదు. బ్రోషర్లో సంఖ్య చూసి టికెట్లు అమ్మితే శనివారం రాత్రి తలుపు దగ్గర గొడవ ఖాయం. నాట్యం చేసే పిల్లలు ముస్తాబయ్యేందుకు గ్రీన్ రూమ్‌లు చాలా బాల్‌రూమ్‌లకి ఉండవు. వెనక నడవాలోకి తలుపున్న మీటింగ్ గది ఒకటి విడిగా అడగాలి. హాలుని మూడు ముక్కలు చేసే కదిలే గోడలుంటాయి. ఒక పక్క సాహిత్య సభ, ఇంకో పక్క డీజే పెట్టకండి. ఆ గోడ ఎంత మంచిదైనా బేస్ శబ్దాన్ని ఆపలేదు.

వంతెన గురించి ఒక్క మాట. జులైలో డాలస్ ఎండ తెలుసు కదా, పట్టుచీర కట్టుకుని రోడ్డు దాటలేరు. వంతెన రాత్రి ఎన్నింటికి మూస్తారు, తాళం ఎవరి దగ్గర, సెంటర్ దగ్గరా హోటల్ దగ్గరా? అడగండి. సంగీత విభావరి అర్ధరాత్రి అయ్యేటప్పటికి తాళం వేసి ఉంటుంది.

కన్వెన్షన్ సెంటర్లు తిరగకట్టే కాలం గురించి ఎవరో చీటీ పంపారు. మంచి ప్రశ్న. ఆస్టిన్‌లో 2025 ఏప్రిల్‌లో కన్వెన్షన్ సెంటర్ మూసేశారు, కొత్తది 2029 అంటున్నారు. విడిది ఉంది, మండపం లేదు. నాలుగేళ్లు పక్క హోటళ్లు వేరే వ్యాపారం వెతుక్కోవాలి. డాలస్‌లోనూ సెంటర్ తిరగకట్టడానికి 2022 నవంబర్‌లో ఓటర్లు గది పన్ను 7 నుంచి 9 శాతానికి పెంచడానికి ఒప్పుకున్నారు. రాష్ట్రం 6 కలిపితే 15. ఇది కట్టేది మనం కాదు, బయటినుంచి వచ్చేవాళ్లు అంటారు. మన సభ బడ్జెట్‌లో కళాకారుల గదుల బిల్లు ఒకసారి తీసి చూడండి, ఎవరు కడుతున్నారో కనిపిస్తుంది.

ఆఖరి చీటీ, భోజనాలు. ఊహించాను. సెంటర్‌లోనూ హోటల్‌లోనూ వంట హక్కు ఒక్కరికే ఉంటుంది. బయటి ఇండియన్ కేటరర్‌ని తేవాలంటే ముందే ఒప్పుకోవాలి, ప్లేటుకి ఇంత అని కట్టాలి. గదుల ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఇది తేల్చుకోండి, పెట్టాక మీ బేరం పోయినట్టే. వంట ఎక్కడ, వాళ్ల వంటగదిలోనా, బయటినుంచి వేడిగా తెచ్చి వడ్డించడమా? బయటినుంచి అయితే లోడింగ్ డాక్‌లో మీ వ్యానుకి ఏ టైము కేటాయించారు? సరుకుల లిఫ్టు బాల్‌రూమ్ అంతస్తుకి నేరుగా వెళ్తుందా, మధ్యలో మారాలా? దోసెల పెనానికి, తందూరికి నిప్పు అనుమతి ఫైర్ మార్షల్ నుంచి విడిగా కావాలి. అది రాలేదంటే దోసె కౌంటర్ దగ్గర పూరీ పెట్టుకోవాలి, అదీ చల్లారింది.